ముందే కట్టేసిన భోజనం

శుక్రవారం పొద్దున్నే కత్తెరగారు వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ పూట పొయ్యి వెలిగించడానికి వీల్లేదని ప్రకటించారు. మధ్యాహ్నానికల్లా సముద్రం పక్క రిసార్టుకు చేరతారు. అక్కడ ఆదివారం దాకా అన్ని పూటల తిండికీ డబ్బు ముందే కట్టేశారు. ఇంట్లో మింగిన ప్రతి ముద్దా అక్కడ మింగాల్సిన ముద్దకు అడ్డు పడుతుందని ఆయన సిద్ధాంతం.

కత్తెర ఆయన పేరు కాదు, ఆఫీసులో పెట్టిన పేరు. బీమా కంపెనీలో జనం పెట్టుకున్న క్లెయిములు పరిశీలించి, కోసి, మిగిలింది మంజూరు చేయడం ఆయన ఉద్యోగం. ఇల్లు కాలిపోయిందని ఏడుస్తూ వచ్చినవాడిని, కాలకముందు గోడలకు సున్నం వేసి ఎన్నాళ్ళయిందని అడిగే మనిషి. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాళ్ళు కూడా ఆయన దగ్గర కొన్నాళ్ళు శిష్యరికం చేయవచ్చు. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ కోసినందుకు కంపెనీవాళ్ళు ఈ రిసార్టులో గది బహుమానంగా ఇచ్చారు. గది మాత్రమే, తిండి ఎవరిది వాళ్ళదేనని ఆ బహుమానం కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అది చదివి కత్తెరగారు నొచ్చుకోలేదు. రాసినవాడెవడో పనిమంతుడని మెచ్చుకున్నారు.

లోపల ఆయన భార్య ఖాళీ కడుపుతో బట్టలు సర్దుతూ, ఒక మాట కూడా మనసులో సర్దుకుంటోంది. ఆమె ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. వేరే ఊళ్ళో పెద్ద ఆస్పత్రివాళ్ళు, ఎక్స్‌రే విభాగం మొత్తం మీరే చూసుకోండి, ఉండటానికి ఇల్లు కూడా ఇస్తామని కబురు పెట్టారు. ఆదివారం సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. ఆమెకు వెళ్ళాలని ఉంది, ఆయన్ని వదిలి వెళ్ళాలని లేదు. ఆయన 'నేనూ వస్తాను పద' అంటే సంబరంగా వెళుతుంది. 'నువ్వు లేకపోతే నాకు తోచదు, వెళ్ళకు' అన్నా అంతే సంబరంగా మానేస్తుంది. రెంటిలో ఏదో ఒకటి ఆయన నోటినుంచి రావాలి. ఇంట్లో ఆయనకు ఫోను, పేపరు, ఫైళ్ళు. రిసార్టులో భోజనాల బల్ల దగ్గర ఎదురుబొదురుగా కూర్చోక తప్పదు కదా, అప్పుడు చెబుదామనుకుంది. పాపం, ఆశకు అంతెక్కడ?

కారులో కత్తెరగారు నియమావళి వినిపించారు.

"ఇదిగో, జాగ్రత్తగా విను. రొట్టె ముట్టుకోకు. బంగాళాదుంప ముట్టుకోకు. సూపు జోలికి అసలు పోవద్దు, అది ఉత్త వేడినీళ్ళు."

"మరేం తినాలి?"

"రొయ్యలు. ఖరీదైన సరుకంతా అక్కడే ఉంటుంది."

"నాకు రొయ్యలు పడవు కదండీ. ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి."

ఫారంలో సంతకం మరిచిపోయినవాడి వంక చూసినట్టు చూశారు కత్తెరగారు. "ముందే చెప్పొద్దూ?"

"మన పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది."

"నేననేది డబ్బు కట్టకముందు అని!"

రిసార్టులో ఇద్దరి చేతులకూ నీలం పట్టీలు కట్టారు. ఆ పట్టీ చూపిస్తే భోజనశాలలో ఏదైనా ఎంతైనా తినవచ్చు. భోజనశాలకు ఒక వైపు గోడంతా అద్దమే, అద్దం అవతల సముద్రం. జనం ఆ పక్క బల్లల కోసం పోటీ పడుతుంటే, కత్తెరగారు రొయ్యల పళ్ళేనికి దగ్గరగా, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. చూస్తే నిండేవి కళ్ళేనని, కడుపు కాదని ఆయన వాదన. భార్య కొంచెం చేప ముక్క వడ్డించుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, మీతో ఒక మాట..."

కత్తెరగారు అరచెయ్యి అడ్డంగా ఎత్తారు. నోట్లోది మింగాకే మాట్లాడారు. "తినేటప్పుడు మాట్లాడకు. కడుపులోకి గాలి పోతుంది. గాలికి చోటిస్తే ఇక తిండికి చోటేదీ?"

"మరెప్పుడు చెప్పను?"

"అరిగాక."

అరగడం కోసం ఆయన గదికి వెళ్ళి ఎడమవైపు తిరిగి పడుకున్నారు. లేచేసరికి సాయంత్రం పలహారాలు పెట్టేశారు. పలహారాల దగ్గర ఆమె మళ్ళీ నోరు తెరిచింది, మళ్ళీ అరచెయ్యి లేచింది. రోజూ ఎక్స్‌రే తీసేముందు ఎదుటివాళ్ళను ఊపిరి బిగబట్టమని చెప్పే మనిషి, ఆ రోజంతా తానే బిగబట్టుకుని కూర్చుంది.

ఇదంతా దూరంనుంచి భోజనశాల మేనేజరు చూశాడు. అతడికి కొత్తగా పెళ్ళయింది. లోకంలో దంపతులంతా గుసగుసలాడుకుంటూ తినకపోతే అతడికి ముద్ద దిగదు. ఈమె నోరు తెరవడం, ఆయన చెయ్యెత్తడం, ఈమె తల దించుకోవడం చూసి అతడి గుండె తరుక్కుపోయింది. ఈ కాపురం కూలిపోతోంది, నా భోజనశాలలో కూలకూడదు అనుకున్నాడు. ఆ రాత్రి భోజనానికి వాళ్ళ బల్ల మీద కొవ్వొత్తి, గులాబీ పువ్వు పెట్టించి, ఫిడేలు వాయించేవాణ్ణి పక్కన నిలబెట్టాడు. వాడు కళ్ళు మూసుకుని, ప్రాణం పోయేంత నెమ్మదిగా వాయించడం మొదలుపెట్టాడు.

కత్తెరగారు నమలడం ఆపారు. ఆయనకు విషయం అర్థమైపోయింది.

"చూశావా ఎత్తు?" అన్నారు గొంతు తగ్గించి. "పాట నెమ్మదిగా ఉంటే మనమూ నెమ్మదిగా నములుతామని! ఎన్ని దొంగ క్లెయిములు చూసిన కళ్ళనుకున్నారు ఇవి!" తర్వాత ఫిడేలువాడి వైపు తిరిగి, "ఏమయ్యా, వాయిస్తే వేగంగా వాయించు, లేకపోతే పో!" అన్నారు.

వాడు బెదిరిపోయి గుర్రాలు పరుగెత్తే పాట ఒకటి అందుకున్నాడు. కత్తెరగారి దవడలు దానికి తగ్గట్టు ఆడాయి. అది చూసి ఆమెకు, ఎంత ఆపుకున్నా ఆగకుండా, నవ్వొచ్చింది. ఆ నవ్వు మేనేజరు చూశాడు. వైద్యం పనిచేస్తోందనుకుని మందు మోతాదు పెంచాడు.

శనివారం మధ్యాహ్నం నలుగురు మనుషులు చప్పట్లు కొడుతూ ఒక కేకు మోసుకొచ్చారు. దాని మీద 'కలకాలం కలిసి ఉండండి' అని గులాబీ రంగు అక్షరాలు. పక్క బల్లలవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది, ఆ అక్షరాలు చదివి ఆమె కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఇప్పుడైనా చెప్పేయాలనుకుంది.

"ఏమండీ, నిజంగానే మనం..."

"కేకా!" అన్నారు కత్తెరగారు పళ్ళు బిగించి. "పిండి, పంచదార, గాలి! దీంతో కడుపు నింపేస్తే రొయ్యలు మిగులుతాయని వీళ్ళ పన్నాగం. నా దగ్గరా!"

ఆయనకు పెద్ద చిక్కే వచ్చిపడింది. ఉచితంగా వచ్చింది వదలడం ఆయన జన్మలో లేదు. డబ్బు కట్టింది వదలడం వంశంలోనే లేదు. కాబట్టి కేకు మొత్తం తిన్నారు. పగ తీరక రెండు పళ్ళేల రొయ్యలు తిన్నారు. భార్యకు పడవు గనక ఆమె వంతు కూడా తానే తిన్నారు. లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకుని లేచారు. గదికి చేరేలోపే మింగలేక కక్కలేక పడే అవస్థ మొదలై, కాసేపటికి కక్కడం మాత్రం తేలికైపోయింది.

డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూశాడు. "రేపు సాయంత్రం దాకా ఉప్పూ పంచదార కలిపిన నీళ్ళు తప్ప ఏమీ వద్దు," అన్నాడు.

"నీళ్ళు మనం డబ్బు కట్టిన ప్లానులో ఉన్నాయా?" అని అడిగారు కత్తెరగారు నీరసంగా.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి భోజనం. సముద్రం ఒడ్డున గొడుగు కింద ప్రత్యేకంగా బల్ల వేస్తారు. అది ఇద్దరికి వేసే బల్ల. ఇద్దరూ కూర్చుంటేనే వడ్డిస్తారు, ఒక్కరే వస్తే ఇద్దరి భోజనమూ పోయినట్టే. ఈ షరతు కత్తెరగారికి కంఠతా వచ్చు. భార్య మాత్రం మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన నోట్లో తిండి లేదు, పొట్టలో చోటుకు కొదవలేదు. ఇంతకంటే మంచి సమయం దొరకదు.

"భోజనం పోతే పోనివ్వండి. నేను మీ దగ్గరే ఉంటాను. మీతో మాట్లాడాలి. సాయంత్రానికల్లా ఒకళ్ళకి జవాబు చెప్పాలి నేను."

"పోనివ్వడమేమిటి!" కత్తెరగారు దుప్పటి తన్నేసి లేచారు. పొట్ట చేత్తో పట్టుకుని, గోడ పట్టుకుని, వరండాలోకి వెళ్ళి పక్క గది తలుపు కొట్టారు. అందులో ఒక పెద్దావిడ ఒంటరిగా దిగింది. "అమ్మా, మీరు నాకొక ఉపకారం చేయాలి. మా ఆవిడతో కూర్చుని నా వంతు మీరు తినిపెట్టాలి. మిగతావి ఏమైనా ఫరవాలేదు, రొయ్యలు మాత్రం వదలకండి," అని చేతులు జోడించారు. పెద్దావిడ ఆయన మొహంలోకి చూసి, తల ఊపి, చెప్పులు వేసుకుంది. ఆయన తన నీలం పట్టీ ఊడబెరికి ఆమె చేతికి తొడిగారు.

ఒడ్డున గొడుగు కింద పెద్దావిడను చూడగానే మేనేజరు కళ్ళు చెమర్చాయి. అమ్మాయి తరఫు పెద్దలు దిగారు, ఇక పంచాయితీ తేలిపోతుందనుకున్నాడు. పట్టీ సంగతి అడగలేదు సరిగదా, ఫిడేలువాణ్ణి దూరంగా తరిమి, ఇటువైపు ఎవరూ రావద్దని కట్టడి చేశాడు.

"మీ ఆయన ఏదో చెప్పాడు, తినమన్నాడని మాత్రం అర్థమైంది," అంది పెద్దావిడ గట్టిగా. "చెవి మిషను గదిలోనే పెట్టొచ్చానమ్మా, ఆ ఫిడేలు మోత భరించలేక. నాకేం వినపడదు. నువ్వు మొహమాటపడకు, మాట్లాడాలంటే మాట్లాడుకో."

ఆమె మాట్లాడింది. మొదట ఉద్యోగం సంగతి చెప్పింది. తర్వాత ఇల్లు, ఫైళ్ళు, అరచెయ్యి, అన్నీ చెప్పింది. పెద్దావిడ చెంచా కింద పెట్టి, ఆమె మొహం మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. చెవిటివాళ్ళ ముందు శంఖం ఊదడం దండగని లోకం అంటుంది గానీ, ఊదినవాళ్ళకైనా ఆ చప్పుడు వినపడుతుంది గదా. తన గొంతు తనకు అంతసేపు వినపడి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. 'వెళ్ళకు' అనే మనిషి కోసం మూడు రోజులుగా ఎదురు చూస్తోంది; ఆ మనిషి గదిలో పడుకుని, ఇక్కడ రొయ్యలు ఎంతవరకు వచ్చాయోనని కంగారు పడుతున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది.

"ఉప్పు తక్కువైంది కదూ?" అంది పెద్దావిడ.

"అవునండీ," అని కళ్ళు తుడుచుకుని, ఫోను తీసి, పెద్దాస్పత్రికి వస్తున్నానని చెప్పేసింది. రొయ్యల పళ్ళెం వచ్చినది వచ్చినట్టే వెనక్కి వెళ్ళింది.

తిరిగి వస్తుంటే మేనేజరు ఎదురొచ్చాడు. "పెద్దావిడ వచ్చాక అంతా సర్దుకుంది కదా మేడమ్?"

"సర్దుకుంది బాబూ," అంది.

గదిలో కత్తెరగారు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. "ఏం తిందావిడ?"

"సూపు తాగారు."

"సూపా!" ఆయన కళ్ళు మూసుకుని గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"ఏమండీ, నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఒప్పేసుకున్నాను. వచ్చే నెల వెళ్ళిపోతున్నాను. ఒక్కదాన్నే."

కత్తెరగారు కళ్ళు తెరిచారు. చాలాసేపు ఆమె వంక చూశారు. ఇరవై రెండేళ్ళలో అంతసేపు చూసింది లేదు. ఎందుకని అడుగుతారేమోనని ఆమె సంచీ సర్దడం ఆపి నిలబడింది. సిగ్గు లేని ఆశ, ఇంకా చావలేదు.

"ఇల్లు వాళ్ళే ఇస్తారా?"

"ఇస్తారు."

"భోజనం కూడా అందులోనేనా?"

"లేదు. భోజనం మనదే."

"అయితే ఇంకోసారి ఆలోచించుకో," అన్నారు కత్తెరగారు.

'వెళ్ళకు' అనే మాటకు ఆయన అంతకంటే దగ్గరగా వచ్చిన దాఖలా ఎక్కడా లేదు.