చివరి బెంచీ నిర్మూలన

మా పేట బడిలో సామాజిక న్యాయం సోమవారం ఉదయం, ప్రార్థన ముగిసిన వెంటనే, అమల్లోకి వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

"వెనకబాటుతనానికి మూలం వెనక బెంచీ!" అని హెడ్మాస్టరుగారు మైకులో గర్జించారు. "వెనక బెంచీయే లేకపోతే వెనకబడేదెవరు?"

ఇంత తేలిక సంగతి ఇన్నాళ్లూ మా బుర్రలకు తట్టనందుకు తల్లిదండ్రులమంతా సిగ్గుపడి చప్పట్లు కొట్టాము. ఆ పూటే ఏడో తరగతి చివరి బెంచీని మోసుకెళ్లి ఆయన గది ముందు గౌరవప్రదంగా బోర్లించారు.

ఆ బెంచీ మీద కూర్చునేది పంక్చర్లు వేసే మా బావ కూతురు.

"మరి నేనెక్కడ కూర్చోవాలి సార్?"

"సమానత్వంలో కూర్చో తల్లీ."

పిల్ల గదంతా వెతికింది. అదెక్కడా కనబడక, బయటికెళ్లి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. బోర్డు అక్కణ్నించి సగమే కనిపిస్తుంది కాబట్టి లెక్కలన్నీ సగం సగం ఎక్కించుకుంది.

సాయంత్రం బావ నా దగ్గరికొచ్చాడు. "నువ్వైనా నోరు తెరిచి అడుగు బావా. పిల్లని ఎండలో నిలబెట్టారు."

"మంచి పనికి అడ్డుపడకు బావా. అయినా మావాడిది మధ్య వరుస. నేనడిగితే ఏం బాగుంటుంది?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని వెళ్లిపోయాడు.

మంగళవారం బడి కమిటీ తనిఖీకి వచ్చింది. చూస్తే ఏముంది, గదిలో మళ్లీ ఒక చివరి బెంచీ! ఇది న్యాయం గిట్టనివాళ్ల కుట్రేనని తీర్మానించి దాన్నీ తీయించారు. బుధవారానికి ఇంకొకటి మొలిచింది. అన్యాయం ఎంత మొండిదో చూడండి. కమిటీ మాత్రం వెనక్కి తగ్గలేదు. బెంచీ పోయిన ప్రతిసారీ, ఇంకా బెంచీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మావాడి బెంచీ పోయిన రోజు మాత్రం ఆ చప్పట్లలో నాకు పస కనిపించలేదు.

చివరికి ఒక్క బెంచీ మిగిలింది. దాని మీద కమిటీ అధ్యక్షులవారి మనవడు కాళ్లు బారజాపుకుని ఉన్నాడు. ఇది మొదటిదా, చివరిదా? మాది ప్రజాస్వామ్య బడి కాబట్టి ఓటింగు పెట్టారు. గదిలో ఉన్నవాళ్లే ఓటర్లన్నారు. మనవడు ఆవలిస్తూ చెయ్యెత్తాడు. అది మొదటి బెంచీయేనని ఏకగ్రీవంగా తేలిపోయింది.

"మేమూ చేతులెత్తాం సార్! అది చివరిదే!" అని బావ కూతురు కిటికీలోంచి అరిచింది. ఆమె వెనక తరగతంతా ఉంది, మావాడితో సహా.

"బయటి శక్తుల జోక్యం సహించం" అంటూ హెడ్మాస్టరుగారు కిటికీ తలుపు మూసేశారు. ఆ సగం బోర్డూ పోయింది.

నేను పరుగెత్తుకుంటూ బావ కొట్టుకెళ్లాను. "పద బావా, ఇద్దరం కలిసి అడుగుదాం!"

బావ ట్యూబుని నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. తలెత్తలేదు.

"మంచి పనికి అడ్డుపడకు బావా."

మా బడికి ఆదర్శ ప్రజాస్వామ్య పాఠశాలగా బహుమతి వచ్చింది. వచ్చే సోమవారం నుంచి ఈ పథకాన్ని మీ పేటకీ విస్తరిస్తున్నారు. చప్పట్ల కోసం మీకూ పిలుపొస్తుంది, తప్పక వెళ్లండి. కంగారేమీ అక్కర్లేదు. మొదటి రోజు తీసేది మీ పిల్లల బెంచీ కాదు.