తిమోతి కారు దిగిన విధం

ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. బెల్లంపల్లి నుంచి కరీంనగర్ వెళ్లాలి, కార్లు అమ్మే ముష్తాక్ దగ్గర పాత ఎర్ర కారు ఇచ్చేసి ఇంకో పాత కారు తీసుకోవాలి, పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి. తిమోతి భార్య సంతోషమ్మ డబ్బాలో పులిహోర పెట్టుకుంది. తిమోతి కరెంటు స్తంభం పక్క నుంచి కారు తీశాడు.

ఆ కారు ఎప్పుడూ ఏదో ఒక స్తంభం పక్కనే ఆగుతుంది. చర్చికి వెళ్తే గేటు దిమ్మె పక్కన, కూరగాయలకు వెళ్తే వేపచెట్టు పక్కన, బ్యాంకుకు వెళ్తే నోటీసు బోర్డు గుంజ పక్కన. నీడ కోసమని కొందరు, దొంగల భయమని కొందరు అనేవారు. పాస్టరు గారు మాత్రం దాన్ని క్రమశిక్షణ అన్నారు.

అసలు సంగతి వేరు. అది రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. సీటు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. తిమోతి మోకాళ్లు గనిలో అరిగిపోయాయి. ఎక్కడమంటే పడటమే కాబట్టి దానికి ఇబ్బంది లేదు. దిగడానికి మాత్రం తలుపు తెరిచి, పక్కనున్న దేన్నో రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి లేవాలి. పట్టుకోవడానికి ఏమీ లేని చోటికి వెళ్లడం ఆయన మెల్లగా మానేశాడు. అక్క కొడుకు ఇంటికి పోక ఏడాది దాటింది. వాళ్ల వాకిలి మరీ విశాలం. ఈ రహస్యం తనకు తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

తిమోతి గనిలో టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం ఆ పని. ఒకనాడు డ్యూటీ దిగి పైకి వచ్చేసరికి రోడ్డు మీద ఇలాంటి కారొకటి పోయింది. నల్లటి మొహాల ముందు నుంచి ఎర్రగా పోయింది. ఆ ఎరుపు కళ్లలో ఉండిపోయింది. రిటైరయ్యాక తోటివాళ్లు ఇళ్లు కట్టుకున్నారు, ఆయన చేతులు మారిన పాత కారు కొనుక్కున్నాడు.

ఇప్పుడు మార్చినా స్పోర్ట్స్ కారుకే మార్చాలి, కాకపోతే సీటు కొంచెం ఎత్తున్నది కావాలి. మోకాళ్ల మాట బయటపెడితే పిల్లలు ఈ కారు అమ్మేయమంటారు. ఆ తర్వాత చేతికర్ర తెస్తారు. ఆ తర్వాత ఇంట్లో కూర్చోమంటారు. అందుకే అడిగిన వాళ్లందరికీ "దీంట్ల దమ్ము సాల్తలేదు" అని చెప్పాడు. ముష్తాక్‌కు ఫోన్లో కూడా అదే చెప్పాడు. చిక్కంతా అక్కడ మొదలైంది.

లక్సెట్టిపేట దాటుతుండగా సంతోషమ్మ అన్నది, "కప్పు తెరిసేది ఏమన్న ఉన్నదేమో అడుగు."

"కప్పు లేని కారా? నా బతుకంత కప్పు నిలవెట్టుడే సరిపాయె. గిప్పుడు కప్పు పీకి తిరగాల్నా?"

"మబ్బు కనవడ్తది. మంచిగుంటది."

"మబ్బు కనవడ్తది, దుమ్ము వడ్తది, కాకి రెట్టేస్తది. నీకు తెల్వది, నువ్వూకో."

సంతోషమ్మ ఊరుకుంది. ఆమె ఊరుకుంటే మాట అయిపోయిందని తిమోతి అనుకుంటాడు. పెళ్లయిన నాటి నుంచి అలాగే అనుకుంటున్నాడు.

ముష్తాక్ వ్యాపారం కరీంనగర్ బైపాస్ పక్కన. చదును చేసి సిమెంటు పోసిన పెద్ద ఖాళీ జాగా. చుట్టూ గోడ, ఆ చివర ఆఫీసు గది. గేటులోంచే తిమోతి స్తంభం కోసం వెతికాడు. లోపల ఒక్క స్తంభం లేదు. తలుపు తెరిచేంత సందు మాత్రం వదిలి, కారును గేటు దిమ్మె పక్కన ఆపి, దిమ్మెను కావలించుకుని లేచాడు.

"గింత జాగ ఉండంగ గేట్ల ఆపిన్రేంది సాబ్?" అంటూ ముష్తాక్ ఎదురొచ్చాడు. నవ్వు మొహం, మెహందీ పెట్టిన గడ్డం. "చాబీ ఇయ్యుండ్రి, మా వాళ్లు లోపలికి తెచ్చి ఫోటోలు తీస్తరు. మీరు దమ్ము సాల్తలేదన్న దినం నుంచి నేను మంచి బండి తలాష్ చేస్తున్న. జర గటు చూడుండ్రి."

జాగా నడిమధ్యలో ఒక పసుపు కారు ఉంది. ఎర్రదానికన్నా పల్చగా, ఎవరో పైనుంచి తొక్కినట్టు ఉంది.

"ఇంతకన్న కిందికి ఉన్న బండి నా దగ్గర లేదు సాబ్. ఎంత కిందికి ఉంటె అంత దమ్ము, భూమిని రాసుకుంట పోతది. కూసోండ్రి. ఒక్కసారి కూసుంటే మీరే లేవరు."

వ్యాపారి మాటగా అన్నాడు గాని, అది నిజమైంది. వద్దనడానికి తిమోతి కారణం వెతుకుతుండగానే ముష్తాక్ ప్రేమగా భుజం పట్టి కూర్చోబెట్టాడు. తిమోతి పడ్డాడు.

కాసేపటికి లేవబోయాడు. కుడిచేత్తో తలుపు పట్టుకుంటే తలుపే జరిగింది. ఎడమచేత్తో స్టీరింగు పట్టుకుంటే స్టీరింగు తిరిగింది. మోకాళ్లు తమకేమీ సంబంధం లేనట్టు ఉన్నాయి. తలెత్తి చూస్తే ముష్తాక్ మొహం చాలా ఎత్తులో ఉంది.

"ఎట్లున్నది సాబ్?"

"సూస్తున్న," అన్నాడు తిమోతి. కొంత టైము కావాలి. "దీంట్ల ఇంకేమేం ఆప్షన్లు ఉన్నయి?"

ముష్తాక్ మొహం వెలిగింది. కూతురు ఆఫ్రీన్‌ను కేకేశాడు. డిగ్రీ చదివి, తండ్రి వ్యాపారాన్ని ఆన్‌లైన్లో పెట్టిన పిల్ల. చేతిలో టాబ్ పట్టుకుని వచ్చి కారు పక్కన గొంతుక్కూర్చుంది.

"అంకుల్, సీటుకు తోలు కవర్లు. నలుపు, గోధుమ. సైలెన్సర్ల రెండు రకాల సప్పుడు. చక్రాలు మార్చొచ్చు. పక్కకు గీతల స్టిక్కరు."

"సీటు మార్చొచ్చా బిడ్డా?" గొంతులో ఆశ దాచుకుంటూ అడిగాడు.

"ఎందుకు రాదు అంకుల్! రేసు సీటు ఉన్నది. ఇంకో రెండు వేళ్లు కిందికి పోతది."

తిమోతి కళ్లు మూసుకున్నాడు. నచ్చి మూసుకున్నాడని ముష్తాక్ అనుకున్నాడు.

ఆ తర్వాత ముష్తాక్ పనివాడొకడు రెండు సైలెన్సర్ల చప్పుడూ వినిపించాడు. ఒకటి పులిలా ఉంది, రెండోది దగ్గొచ్చిన పులిలా ఉంది. "మొదటిది మల్ల పెట్టుండ్రి," అన్నాడు తిమోతి. ఆ మోతకు ఎదురుగా చాయ్ హోటల్లోని వాళ్లు వచ్చి గోడ మీద మోచేతులు ఆనించారు. చాయ్ వచ్చింది, కార్లోనే తాగాడు. మధ్యాహ్నమైంది, నీడన కుర్చీ వేసుకున్న సంతోషమ్మ లేచి కిటికీలోంచి పులిహోర అందించింది, కార్లోనే తిన్నాడు. "దిగి తినరాదూ," అని ఆమె అనలేదు. అది ఆయనకు కొంచెం వింతగా తోచింది.

ముష్తాక్ నమాజుకు వెళ్లి వచ్చాడు. తిమోతి అక్కడే ఉన్నాడు.

"బేటీ, గిసొంటి గిరాకీని నేను చూడలే," అని కూతురితో గుసగుసలాడాడు. "లేస్తలేడు. ధర దించేదాక లేవడు. మస్తు ఖతర్నాక్ బేరం."

దగ్గరికి వచ్చి సీటు కవర్లు ఉచితమన్నాడు. తిమోతి తల అడ్డంగా ఊపాడు. సైలెన్సరు కూడా ఉచితమన్నాడు. ఇంకా గట్టిగా ఊపాడు. ఒక్కొక్కటి ఉచితమైన కొద్దీ ఈ కారు తన మెడకు చుట్టుకుంటోందని ఆయన భయం. ఇక ఏమివ్వాలో తెలియక ముష్తాక్ చెమట తుడుచుకున్నాడు.

అప్పుడు వచ్చాడు రాయమల్లు. ఇచ్చోడలో విత్తనాల దుకాణం. మనిషి నిండుగా ఉంటాడు, ముఖ్యంగా నడుము దగ్గర. ఆన్‌లైన్లో పసుపు కారు బొమ్మ చూసి అంత దూరం నుంచి వచ్చాడు.

"సేటూ, గా పెద్దమనిషి లేస్తే జర నేను గూడ కూసుని చూస్త."

"ఆయన లేవడు," అన్నారు గోడ మీది వాళ్లు. వాళ్లకప్పటికే అలవాటైపోయింది.

రాయమల్లు వంగి లోపలికి చూశాడు. "ఏం కాకా, కొంటున్నవా, కిరాయికి ఉంటున్నవా?"

"సూస్తున్న."

"పొద్దటి సంది సూస్తున్నవంట గదా! నేను ఇచ్చోడకెల్లి వచ్చిన."

"అలిసి ఉంటవు. చాయ్ తాగు."

గోడ మీద నవ్వులు లేచాయి. రాయమల్లు మొహం ఎర్రబడింది. ఇందాకటి దాకా ఆ కారు నచ్చితే కొందామనుకున్నవాడికి ఇప్పుడు అది లేకపోతే ఇచ్చోడలో తలెత్తుకోలేనన్నంత పంతం వచ్చింది. గొడవ ముదురుతుందని ముష్తాక్ అతన్ని మెల్లగా పక్కకు నడిపించాడు. ఫోటోల కోసం తెచ్చిన ఎర్ర కారు పసుపుదాని పక్కనే ఉంది. "అందాక గిది చూడుండ్రి సేట్. కూసోండ్రి, కూసోండ్రి."

రాయమల్లు కూర్చున్నాడు. కారు ఒకసారి కిందికి పోయి పైకి వచ్చింది.

తిమోతి ఓరగా చూశాడు. రాయమల్లు కుడిచెయ్యి తలుపు మీదికి పోయింది. తలుపు జరిగింది. ఎడమచెయ్యి స్టీరింగు మీదికి పోయింది. స్టీరింగు తిరిగింది. మనిషి ఒకసారి ముందుకు ఊగి వెనక్కి పడ్డాడు. చుట్టూ చూశాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని ఆఫ్రీన్‌ను పిలిచాడు.

"అమ్మా, దీంట్ల ఏమేం ఆప్షన్లు ఉన్నయి?"

తిమోతికి నవ్వు రాలేదు. పొద్దున్నుంచి తానెలా కనిపించి ఉంటాడో ఇప్పుడు చూశాడు. గనిలో కాలు జారి పడితే ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి లేపేది. ఎవరి చెయ్యో కూడా తెలిసేది కాదు. ఎన్నోసార్లు ఆ చెయ్యి తనదే. పైకి వచ్చాకే తంటా. ఇక్కడ వెలుతురు ఉంది, అడగాలి, అందరూ చూస్తారు. తానొక్కడే కూరుకుపోతే సాయంత్రం దాకా కూర్చునేవాడు. కానీ పక్కన ఒక మనిషి లేవలేక కూర్చుని ఉంటే చూస్తూ ఊరుకోవడం ఆయనకు చేతకాలేదు.

"ముష్తాక్ భాయ్," అన్నాడు గట్టిగా. "నాకు సైలెన్సర్లొద్దు, కవర్లొద్దు. మోకాళ్లు పనిచేస్తలేవు. పొద్దటి సంది నాకు లేవొస్తలేదు."

సైలెన్సర్ల వాడు చప్పుడు ఆపాడు. అప్పుడు ఎర్ర కారులోంచి చిన్న గొంతు వచ్చింది.

"నాక్కూడ, కాకా."

ముష్తాక్ నోరు తెరిచి ఇంకా మూయకముందే తలుపు దగ్గరికి ఒక చెయ్యి వచ్చింది. గాజుల చెయ్యి. సంతోషమ్మ కొంగు బిగించుకుని నిలబడి ఉంది.

"పట్టు," అంది. "గిన్నొద్దులు ఊర్లె ఉన్న స్తంభాలన్ని పట్టుకుంటివి గని, నన్ను పట్టుకోవైతివి."

ఆమె పొలం పనుల్లో ముదిరిన మనిషి. ఒక్క గుంజు గుంజితే తిమోతి పైకి వచ్చేశాడు. నిలబడ్డాక కూడా ఆ చెయ్యి వెంటనే వదల్లేదు.

"నీకు తెలుసా?"

"అక్క కొడుకు ఇంటికి పోదామంటే వాకిలి పెద్దగున్నదంటివి. గప్పుడే తెలిసింది."

రాయమల్లును లేపడానికి ముష్తాక్, సైలెన్సర్ల వాడు, గోడ దూకి వచ్చిన ఇద్దరు కావలసి వచ్చారు. తిమోతి కూడా ఒక చెయ్యి వేశాడు.

అంతా చెమటలు తుడుచుకుంటుంటే సంతోషమ్మ ఆఫ్రీన్ వైపు తిరిగింది. "బిడ్డా, కప్పు తెరిసేది ఉన్నదా?"

"ఉన్నది ఆంటీ. దుమ్ముకు భయపడి ఎవరు తీసుకుంటలేరు."

మూలన టార్పాలిన్ కింద నుంచి నీలం కారు బయటికి వచ్చింది. అదీ రెండు తలుపులదే, అదీ నేలబారుదే. ఆఫ్రీన్ మీట నొక్కితే కప్పు ముడుచుకుని వెనక్కి పోయింది. తిమోతి అనుమానంగా కూర్చుని పైకి చూశాడు. పైన ఏమీ లేదు. కూలడానికి ఏమీ లేదు, నిలబెట్టడానికి ఏమీ లేదు. కొంచెంసేపు అలాగే చూశాడు.

"ముందర అద్దం పైన అంచు ఉన్నది గదా," అంది సంతోషమ్మ. "గది పట్టుకో."

రెండు చేతులా పట్టుకున్నాడు. అది జరగలేదు, తిరగలేదు. ఊపిరి బిగబట్టి లేచాడు. తల తగలడానికి కప్పు లేదు కాబట్టి పూర్తిగా లేచాడు. ఓట్లడిగే నాయకుడిలా కారులో నిటారుగా నిలబడి, తలుపు తీసుకుని, మెట్టు దిగినట్టు దిగాడు. గోడ మీది వాళ్లు చప్పట్లు కొట్టారు.

"గీ మాట పొద్దున్నే చెప్పొద్దా?" అని భార్యను కసిరాడు.

"చెప్పిన గదా, మబ్బు కనవడ్తదని."

"మోకాళ్ల మాట చెప్పొద్దా?"

"నువ్వు దాసుకున్న మాట నేనెట్ల చెప్త?"

ఆఫ్రీన్ టాబ్ తెరిచి, ఈ కారుకు ఏమేం ఆప్షన్లు కావాలని అడిగింది. ఇదొక్కటి చాలన్నాడు తిమోతి, అద్దం అంచు మీద చెయ్యి వేసి.

రాయమల్లు ఎర్ర కారు చుట్టూ తిరుగుతున్నాడు. పసుపుదాని మీద మోజు పోయింది గాని, ఎరుపు అతని కళ్లలో కూడా పడినట్టుంది. "కాకా, నిజం చెప్పు. దీంట్ల ఇన్నేండ్లు ఎట్ల తిరిగినవు?"

"ఇచ్చోడల స్తంభాలు ఉన్నయా?"

"మస్తు."

"అయితే తీస్కో."

సాయంత్రం లక్సెట్టిపేట దగ్గర కప్పు తెరిచే ఉంది. తిమోతి తలకు తువ్వాల, సంతోషమ్మ తలకు కొంగు. దుమ్ము పడింది. మబ్బు కూడా కనబడింది. తిమోతి కారును ఇంటికి కాక అక్క కొడుకు ఇంటివైపు తిప్పాడు. వాకిలి నడిమధ్యలో ఆపాడు.

ముష్తాక్ జాగాలో ఇప్పుడు నడిమధ్యన ఒక ఇనుప స్తంభం ఉంది. కొంచెం వయసు మళ్లిన గిరాకీ వస్తే ఏ కారునైనా దాని పక్కకే తెప్పించి చూపిస్తాడు. స్తంభం ఎందుకని అడిగితే లైటు కోసమంటాడు. లైటు ఇంకా బిగించలేదు.