శుక్రవారం మాత్రమే నేను

నేనెవరో నాకు చెప్పింది అమ్మానాన్నలు కాదు, చదివిన డిగ్రీ కాదు, మొన్న మాఘమాసంలో తాళి కట్టిన మా ఆయనా కాదు. మా కంపెనీ! ఉద్యోగుల్ని నచ్చిన బట్టల్లో ఆఫీసుకి రమ్మనే కంపెనీలు నూరేళ్లు చల్లగా ఉండాలి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను.

రాజమండ్రిలో ఒక సెల్‌ఫోన్ కంపెనీ కస్టమర్ కేర్‌లో నా ఉద్యోగం. మొన్నటిదాకా మాకు యూనిఫారం ఉండేది. ఆడవాళ్లకి బిస్కెట్ రంగు చీర, మగవాళ్లకి టై. మే నెలలో, రాజమండ్రిలో, టై! మా మేనేజరు రాజరత్నం గారు దాంతో చెమట తుడుచుకునేవారు. అంతకుమించి దాని ప్రయోజనం ఏమిటో మేమెవరం కనిపెట్టలేకపోయాం. ఇక జడలో పూలు పూర్తిగా నిషేధం. ఎందుకని అడిగితే, "ఏసీ గదిలో వాసన తిరుగుతుందటండీ" అనేవారాయన, ఆ ఏసీ పనిచేసి ఎన్నాళ్లయిందో ఆయనకీ తెలుసు.

ఇలాంటి చీకట్లో హైదరాబాదు నుంచి సర్క్యులర్ వచ్చింది. ఇకపై ప్రతి శుక్రవారం ఎవరికి నచ్చినట్టు వాళ్లు రావచ్చు. మీరు మీలా ఉండండి. మీ వ్యక్తిత్వాన్ని వికసించనివ్వండి!

ఆహా! మిగతా రోజులు వికసిస్తే ఏం చేస్తారని అడగకండి. వారానికి ఒక్కరోజు ఇవ్వడమే గొప్ప.

ఈ వార్తకి నాకంటే ఎక్కువ పొంగిపోయింది మా ఆయన. ఆయన పేరు విష్ణు, ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ఇంజనీరు. ఆ ఆఫీసులో వ్యక్తిత్వాలు ఎప్పుడో వికసించేశాయి, ఎవరూ చొక్కా టక్ చేసుకోరు. పెళ్లయ్యాక ఆయనకో ముచ్చట పుట్టింది. మా అత్తగారు మాణిక్యాంబ గారి పక్కన పీట వేసుకుని కూర్చుని, అరటినారతో మల్లెదండ కట్టడం నేర్చుకున్నారు. గోదావరిని ఆపే ఆఫీసు మనిషి, మల్లెమొగ్గని మాత్రం ముడిలో ఆపలేరు! దండ ఒకచోట గుత్తిగా, ఇంకోచోట బోడిగా ఉంటుంది. నేను నడుస్తుంటే వెనకాల మొగ్గలు రాలుతూనే ఉంటాయి. నేను తప్పిపోయే ప్రమాదం లేదు.

అయినా ఆ వంకర దండంటే నాకు ప్రాణం. కానీ ఆయన పొద్దున్న కట్టినవి, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడి ఎర్రబడిపోయేవి. ఆయన వాటిని తీసి తులసి మొదట్లో వేసేవారు, అంతే.

"అయితే శుక్రవారం పెట్టుకెళ్లచ్చన్నమాట!" అన్నారు సర్క్యులర్ సంగతి విని. ఆ శుక్రవారం తెల్లారకుండానే కోటగుమ్మం వెళ్లి మొగ్గలు తెచ్చారు.

మొదటి శుక్రవారం మా బ్రాంచి ఎంత నిజాయితీగా వికసించిందో మీరు చూడాల్సింది! బిల్లింగు చూసే పల్లంరాజు గారు గంజి పెట్టిన పంచె కట్టుకుని వచ్చి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి హాయిగా ఊపిరి తీసుకున్నారు. నా పక్క సీటు దేవిశ్రీ పెళ్లి పట్టుచీరలో వచ్చింది. "బీరువాలో పడి ఉంటే దానికి మాత్రం ముచ్చట తీరద్దా ఏంటే?" అంది. రాజరత్నం గారు ఎప్పటిలాగే టైతో వచ్చారు. అదేంటండీ అంటే, "నాకింకేం మిగల్లేదమ్మా" అన్నారు. నేను మా ఆయన దండతో, వెనకాల మొగ్గలతో!

ఫోటో తీసి హెడ్డాఫీసుకి పంపాం. గంటలో హెచ్‌ఆర్ మధులత గారి నుంచి ఫోను. రాజరత్నం గారు స్పీకరు పెట్టారు.

"ఏంటండీ ఆ ఫోటో? బ్రాంచిలో పెళ్లా?"

"కాదండీ, వ్యక్తిత్వమండీ."

"పంచె కట్టుకున్నాయన పురోహితులా?"

"మా పల్లంరాజండీ."

"ఆ పూలమ్మాయి?"

"హరిచందనండీ. కొత్తగా పెళ్లయిందండీ."

"వ్యక్తిత్వం అంటే ఇది కాదండీ! యూత్‌ఫుల్‌గా ఉండాలి. జీన్స్, టీషర్ట్... అలా. ముందు ఆ పూలు తీసేయమనండి. మరీ అందరిలా ఉంది."

చూశారా ఎంత దయో! నేను అందరిలా అయిపోతుంటే, ఆవిడ హైదరాబాదులో ఉండి కాపాడారు. దండ తీసి సొరుగులో పెట్టాను.

మాలో ఎవరికీ జీన్స్ లేవు. రాజరత్నం గారు మమ్మల్నందర్నీ మెయిన్ రోడ్డులో ఒకే కొట్టుకి తీసుకెళ్లారు. కొట్టువాడు ఒకే బండిల్ విప్పాడు. రెండో శుక్రవారానికి బ్రాంచి మొత్తం ఒకే నీలం జీన్స్, ఒకే పసుపు టీషర్ట్. అందరం వేరు వేరు వ్యక్తిత్వాలతో మెరిసిపోయాం! పల్లంరాజు గారు ఆ జీన్స్‌లో కూర్చోలేక పొద్దస్తమానం నిలబడే పనిచేశారు. కస్టమర్లు ఆయన శ్రద్ధ చూసి ముచ్చటపడ్డారు.

ఇంట్లో మా అత్తగారు నా జీన్స్ ఉతికి, ఇస్త్రీ చేసి, కొడుకు బట్టల్లో పెట్టేశారు. ఆయన చీకట్లో తొడుక్కుని, బొత్తాం దగ్గర చాలాసేపు పోరాడి, "ఏమోయ్, పెళ్లి భోజనాలకి ఒళ్లు చేశాను" అని దిగులుపడ్డారు.

ఆ రెండో శుక్రవారమే, ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం చేసే చిట్టెమ్మ గారు రీఛార్జికి వచ్చారు. గుమ్మంలో ఆగి మమ్మల్నందర్నీ ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా చూశారు.

"యూనిఫారం మార్చారేంటమ్మా? పాత చీరే నయం."

 ఆవిడ నా మెడలో పసుపుతాడు వంక చూసి దగ్గరికొచ్చారు.

"కొత్త పెళ్లికూతురివి, తల బోసిగా ఉందేంటమ్మా?"

"వ్యక్తిత్వమండీ" అన్నాను.

"అయ్యో! తగ్గుతుందన్నారా?"

"ప్రతి శుక్రవారం వస్తుందండీ."

ఆవిడ జాలిగా నా చేతిలో ఒక పూతరేకు పెట్టి వెళ్లారు.

పూలు వద్దన్నారని ఆయనకి చెప్పలేక ఆ పొద్దున్న కూడా పెట్టుకొచ్చి సొరుగులో దాచిన దండని సాయంత్రం తీసుకుని, మా వీధి మలుపులో మిఠాయి కొట్టు అద్దంలో చూసుకుంటూ జడలో పెట్టుకున్నాను. అప్పటికే సగం ఎర్రబడ్డాయి. ఆయన గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు.

"ఇవాళ ఆఫీసులో ఏమన్నారోయ్?"

"చాలా బాగున్నాయన్నారండీ."

ఆయన మొహం చూడాలి! "అయితే వచ్చే శుక్రవారం రెండు మూరలు కడతాను" అన్నారు.

అందుకే కంపెనీ వారికి నాదొక చిన్న మనవి. యూనిఫారం ఉన్న రోజుల్లో పూలు వద్దన్నారు, సరే, అది రూలు. రూలు మీద అలిగేవాళ్లుంటారా? ఇప్పుడు నన్ను నాలా రమ్మని పిలిచి, వచ్చాక నువ్వు కాదంటే, నేను ఎవరి మీద అలగాలి? ఈ బాధంతా లేకుండా మా వ్యక్తిత్వాలు కూడా మీరే కుట్టించి పంపేయండి. రంగు మీ ఇష్టం, బొత్తాలు మీ ఇష్టం.

నాది కుట్టేటప్పుడు మాత్రం, జడ దగ్గర ఒక రెండు మూరలు వదులు పెట్టమనండి.