అంబులెన్సులో ఎవరు?

ఫిల్మ్‌నగర్, జూబ్లీ హిల్స్ ప్రాంతాల్లో అంబులెన్సుకు ఎవరూ దారి ఇవ్వరని కొందరు గిట్టనివాళ్లు చేస్తున్న ప్రచారంలో ఏమాత్రం నిజం లేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. దారి ఇస్తారు. నిండు మనసుతో ఇస్తారు. కాకపోతే లోపల ఎవరున్నారో ముందుగా కనుక్కుంటారు. ఊరూ పేరూ తెలియనివాళ్ల కోసం బండి పక్కకు తీసి, తర్వాత తీరిగ్గా బాధపడే అలవాటు ఇక్కడి పౌరులకు లేదు.

ఈ సంగతి ఎమర్జెన్సీ టెక్నీషియన్ భూలక్ష్మికి ఎనిమిదేళ్ల సర్వీసులో బాగానే వంటబట్టింది. ఆమె ఇల్లు ఎర్రగడ్డలో, డ్యూటీ ఫిల్మ్‌నగర్‌లో. బండి నడిపే హనుమంతును సంస్థ కాగితాల్లో ‘పైలట్’ అంటారు. ఆయన జీతానికి ఆ విషయం ఇంకా తెలియదు. వీళ్లిద్దరూ సైరన్ వేసుకుని వస్తుంటే ఇక్కడి జనం ముందు బండిని చూడరు, కెమెరా ఎక్కడ పెట్టారా అని వెతుకుతారు. కనబడకపోతే డ్రోన్ కాబోలని ఆకాశం వైపు చూసి జుట్టు సర్దుకుంటారు. ఒకసారి నడిరోడ్డు మీద పడిపోయిన కూరగాయల ముసలాయన ఛాతీని భూలక్ష్మి రెండు చేతులతో నొక్కుతుంటే, చుట్టూ మూగిన యాభై మందిలో ఒక్కరూ నోరు మెదపలేదు, ఒక్కరూ చెయ్యి వేయలేదు. సౌండు రికార్డవుతోందేమో, పాడు చేయడమెందుకని ఊరుకున్నారట. ఆయన్ను బండి ఎక్కించాక మాత్రం చప్పట్లు కొట్టారు. ఇంత క్రమశిక్షణ మరో పేటలో చూడలేం.

ఆ గురువారం పొద్దున పదిన్నరకు కాల్ వచ్చింది. జూబ్లీ హిల్స్‌లో ‘లోకరక్షక’ బిరుదాంకితుడైన కథానాయకుడి బంగళా నుంచి. మగమనిషి, యాభై రెండేళ్లు, గుండెలో నొప్పి, ఒళ్లంతా చెమటలు. ఫోన్ చేసినావిడ త్రిపురసుందరి, ఆ ఇంటి వ్యవహారాలన్నీ చూసే మేనేజరు. రోగి పేరు చెప్పకముందే ఆవిడ నిబంధనలు చెప్పింది.

“సైరన్ వేయకండి. రేపు సార్ సినిమా రిలీజు, లేనిపోని పుకార్లు పుడతాయి. వెనక గేటు నుంచి రండి. ముందు గేటు దగ్గర కొత్త టైల్స్ వేయించాం.”

వెనక గేటు దగ్గర చిన్న చిక్కు వచ్చిపడింది. రిజిస్టరులో రాయనిదే పురుగును కూడా లోపలికి పంపకూడదని ఆ ఇంటి కట్టడి. రిజిస్టరూ తాళంచెవీ వాచ్‌మన్ వీరయ్య దగ్గర ఉంటాయి. గుండెనొప్పి వచ్చింది కూడా వీరయ్యకే. ఇంట్లో పనివాళ్లు పద్నాలుగు మంది ఉన్నారు గానీ గేటు వాళ్ల శాఖ కాదు. పదిహేనేళ్లుగా ఒక్కనాడూ మాట పడని ఉద్యోగి కనుక, వీరయ్య కుర్చీలో ఒరిగిపోయి, ఒక చేత్తో గుండె పట్టుకుని, రెండో చేత్తో గేటు సందులోంచి రిజిస్టరు చాపాడు.

“ఏడికెల్లి వచ్చిండ్రు, ఎవల్ని కలవాలె, అన్నీ రాయుండ్రి,” అన్నాడు. గొంతు సగమే బయటికి వచ్చింది.

“నిన్నే కలవాలె అన్నా. తాళం తియ్యి.”

“రాయకుంటే మేడం ఊకోదు బిడ్డా.”

భూలక్ష్మి రాసింది. ఎవరిని కలవాలి అన్న గడిలో వీరయ్య అని రాసింది. ఏం పని మీద అన్న గడిలో ఆయన ప్రాణం అని రాసింది. సంతకం పెట్టి, ఫొటోలు తీయకుండా ఫోను కెమెరాకు వీరయ్య ఇచ్చిన స్టిక్కరు అంటించాక తాళం ఊడింది. అప్పటిదాకా ఓర్చుకున్న వీరయ్య, డ్యూటీ ముగిసింది కనుక, కళ్లు మూసుకున్నాడు.

ఈసీజీ కాగితం చూడగానే భూలక్ష్మికి సంగతి అర్థమైంది. ఆయన గుండెకు రక్తం వెళ్లే దారి మూసుకుపోతోంది. నాలుక మీద మాత్ర వేసి నమలమంది, ఆక్సిజన్ మాస్కు పెట్టింది, బంజారా హిల్స్ దిక్కునున్న ఒక పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. పన్నెండు నిమిషాల దారి. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ గుండెలో కొంత చచ్చిపోతూ ఉంటుంది. వీరయ్య భార్య నీలమ్మ అదే ఇంట్లో గిన్నెలు తోముతుంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బండి ఎక్కింది.

“బతుకుతడా బిడ్డా?”

“జల్ది పోతే బతుకుతడు.”

ఆ మాట విని హనుమంతు సైరన్ వేశాడు. త్రిపురసుందరి గారి నిబంధన అక్కడ తప్పింది.

ఎదురు మేడ మీంచి ఎవరో వీడియో తీశారు. లోకరక్షకుడి ఇంటి నుంచి అంబులెన్సు అన్న వార్త ఐదు నిమిషాల్లో మూడు చానళ్లలో వచ్చింది. నాలుగో చానల్ వెనకబడినందుకు పరిహారంగా ‘పరిస్థితి విషమం’ అని కూడా కలిపింది. కొండ దిగే మలుపు దగ్గర, మర్నాటి రిలీజుకు కటౌటు నిలబెడుతున్న మూడు వందల మంది అభిమానులకు ఈ కబురు ఫోన్లలో అందింది. వెంటనే వాళ్లు నూట యాభై బైకులనూ, కటౌటు అభిషేకానికి తెచ్చుకున్న పాల వ్యానునూ రోడ్డుకు అడ్డంగా పెట్టి అంబులెన్సును ఆపారు.

కోపంతో ఆపలేదు, ప్రేమతో ఆపారు. ఒకడు గుమ్మడికాయతో దిష్టి తీసి, సరిగ్గా బండి ముందే పగలగొట్టాడు. ఇద్దరు తమ రక్తం ఎక్కించమని చొక్కా చేతులు మడిచారు. ఎవరిది ముందు ఎక్కించాలన్న తగాదాలో కొంత రక్తం అక్కడే పోయింది. ఇంకొకడు కిటికీలోంచి తల పెట్టి వైద్య సలహా ఇచ్చాడు. పోయిన సినిమాలో డాక్టరు వేషం కట్టిన హీరో చచ్చిన మనిషి రొమ్ము మీద ఒక్క గుద్దు గుద్ది లేపాడనీ, అదే పద్ధతిలో ఒక్కటి గుద్దమనీ అడిగాడు. అభిమాన మహాసంఘం అధ్యక్షుడు వెంకటాచలం బానెట్ ఎక్కి నిలబడ్డాడు.

“సోదర సోదరీమణులారా, ఈ బండిలో ఉన్నది ఒక మనిషి కాదు, కోట్లాది గుండెల చప్పుడు. ఆయన ఊపిరి కంటే మనకు మన ఊపిరి ఎక్కువ కాదు. ఈ బండికి ఎవడైనా అడ్డం వస్తే ముందు నా శవాన్ని దాటి రావాలి.”

బండికి అప్పుడు అడ్డంగా ఉన్నది ఆయనే. ఆ ఆవేశంలో ఆ సంగతి ఆయనకు గాని, ఈలలు వేస్తున్నవారికి గాని తట్టలేదు.

భూలక్ష్మి కిందికి దిగింది. “అన్నా, లోపలున్నది హీరో గాదు. గేటుకాడ ఉండే వీరయ్య. జర జరగుండ్రి, పానం పోతది.”

వెంకటాచలం లోకం చూసినవాడిలా నవ్వాడు. “మీరు అలాగే చెప్పాలమ్మా. మీకు పైనుంచి ఆర్డర్లుంటాయి. మేం తప్పు పట్టం.”

ఆమె బండిలోని మైకు తీసుకుని అదే మాట అందరికీ చెప్పింది. నమ్మనివాళ్లు ఒక్కసారి ముఖం చూసి పోతామని ఇంకా ముందుకు తోసుకొచ్చారు. నమ్మినవాళ్లు, “వాచ్‌మనా? దానికింత గోలా?” అని బైకుల మీద కుదురుగా కూర్చుని ఫోన్లు తీశారు. నిజం చెప్పినందువల్ల రెండు రకాల నష్టమూ జరిగింది. పదకొండు నిమిషాలు గడిచాయి. వీరయ్య చెయ్యి చల్లబడింది. నీలమ్మ ఏడుపు ఆపేసి భూలక్ష్మి ముఖం వంకే చూస్తోంది. ఆ చూపుకంటే ఏడుపే నయమనిపించింది భూలక్ష్మికి. ఆమె మళ్లీ మైకు అందుకుంది.

“లోపలున్నది మీ హీరోనే. ఊపిరి ఆడ్తలేదు. ఆయన బతకాలనుకున్నోళ్లు దారియ్యుండ్రి.”

ఆ తర్వాత జరిగింది హనుమంతు తన జన్మలో చూడలేదు. అభిమానులు తమ బైకులను తామే రోడ్డు పక్క మురికి మోరీలోకి తోశారు. పాల వ్యాను వెనక్కి వెనక్కి పోయి ఒక ప్రహరీగోడను గుద్దుకుని సవినయంగా ఆగింది. ప్రతి సిగ్నల్ దగ్గరా చేతులు పట్టుకుని గొలుసు కట్టి, ఎవరో పెద్దమనిషి కాన్వాయ్‌ను కూడా పక్కకు నెట్టేశారు. మిగిలిన దారి నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

ఆసుపత్రి గుమ్మంలో అప్పటికే కబురందుకున్న ఐదుగురు పెద్ద డాక్టర్లు, వాళ్ల వెనక పూలగుత్తితో ఆసుపత్రి డైరెక్టరు నిలబడి ఉన్నారు. ఫారం నింపమని ఎవరూ అడగలేదు. ఆధార్ కార్డు అడగలేదు. అంతటి మహానుభావుడి ముఖం పదిమందీ చూడటం మర్యాద కాదని దుప్పటి నిండా కప్పి నేరుగా లోపలికి తీసుకుపోయారు. ఆ పాదాల పగుళ్లు చూసి ఒక నర్సుకు అనుమానం వచ్చేటప్పటికి, మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకుని ఉంది.

వీరయ్య బతికాడు. అధికారికంగా ఎవరూ కోరిన ఫలితం కాదు కనుక, దీని మీద విచారణ సంఘం వేశారు.

ఫిర్యాదులు మూడు వచ్చాయి. మూడు వందల మంది అభిమానుల మొక్కులు అనర్హుడికి దక్కాయి కనుక వాటిని అసలు వ్యక్తికి బదిలీ చేయించాలని మహాసంఘం కోరింది. వాచ్‌మన్ బయటికి వెళ్లిన టైము రిజిస్టరులో రాయలేదని త్రిపురసుందరి రాసింది. తప్పుడు సమాచారంతో పెద్ద డాక్టర్లను గుమ్మం దాకా రప్పించారని ఆసుపత్రివారు నొచ్చుకున్నారు. లోకరక్షకుడు మాత్రం ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. “నా పేరు వింటేనే ఒక ప్రాణం నిలబడింది, ఇక నా సినిమా చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి,” అని శుక్రవారం పొద్దున్నే పత్రికలవారితో వినమ్రంగా అన్నాడు. ఆ మాట సాయంత్రానికి పోస్టర్ల మీదికి ఎక్కింది.

విచారణ సంఘం అధ్యక్షులవారు భూలక్ష్మిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. “ప్రజలతో అబద్ధం ఎందుకాడావు?”

“నిజం పదకొండు నిమిషాలు చెప్పిన సార్. మైకు రికార్డింగ్ ఉన్నది, వినుండ్రి.”

“నిజం చెప్పడం మీ విధి. దానివల్ల దారి దొరుకుతుందా లేదా అన్నది మీ పరిధిలోని అంశం కాదు.”

ఇకమీదట రోగి అసలు పేరు, చేసే పని మాత్రమే మైకులో ప్రకటిస్తానని ఆమె చేత హామీపత్రం రాయించుకుని ఉద్యోగంలో ఉండనిచ్చారు. భూలక్ష్మి సంతకం పెట్టింది. కోపం రాలేదని కాదు. కానీ మర్నాడు డ్యూటీ ఉంది, ఆ డ్యూటీలో ఇంకెవరో ఉంటారు.

సోమవారం పొద్దున ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒక ఆడమనిషి పనికి బయల్దేరుతూ గడపలోనే పడిపోయింది. మాట పడిపోయింది, కుడి చెయ్యి లేవడం లేదు. పేరు మల్లమ్మ. బండి మెయిన్ రోడ్డు మీదికి రాగానే ముందు ఒక పెద్ద కారు అడ్డంగా ఆగి ఉంది. భూలక్ష్మి హామీపత్రం ప్రకారం మైకులో నిజమే చెప్పింది.

“లోపలున్నది మల్లమ్మ. ఇండ్లల్ల పని చేస్తది. జల్ది పోవాలె, జర దారియ్యుండ్రి.”

కారు వెనక అద్దం దిగింది. లోపలున్న పెద్దమనిషి డ్రైవరును అడిగాడు. “ఎవరంటయ్యా?”

“ఎవరో మల్లమ్మ అంట సార్. పనామె.”

“మా ఇంట్లో చేసేదీ మల్లమ్మే. ఇవాళ చెప్పాపెట్టకుండా మానేసింది. వీళ్లకు బొత్తిగా బాధ్యత ఉండదు.”

అద్దం మూసుకుంది. కారు కదల్లేదు.

ఆ కారు నంబరు హనుమంతు రాసి పెట్టుకున్నాడు. ఇక్కడ ప్రచురించడం లేదు. చదువుతున్నవారి మనసు నొప్పించడం మా ఉద్దేశం కాదు.