మిఖాయేలు పండుగకు గోధుమలు

మా ఊళ్ళో ఇలవేలుపు పండుగకు ఎవర్నీ పిలవకూడదు. తలుపు తీసి ఉంచితే రావాల్సినవాళ్ళు వస్తారు. భార్య దేశాంకా పోయాక, కిందటేడు వచ్చిన మొదటి పండుగకు వుకాషిన్ మాస్టారి గడప ఒక్కరూ తొక్కలేదు. ఎందుకని ఆయన తనను తాను ప్రశ్నించుకోలేదు. వాన పడిందిగా అనుకుని ఊరుకున్నారు.

జీవితమంతా జనానికి కారు నడపడం నేర్పిన మనిషాయె, ఊరికే కూర్చోలేరు. ఈ ఏడు రేడియోలో ఎవరో చెప్పిన మంత్రం పట్టుకున్నారు. జరుగుతుందని గట్టిగా నమ్మితే జరిగి తీరుతుందట, అనుమానాన్ని మాత్రం దగ్గరికి రానివ్వకూడదట. పండుగ పొద్దున్నే లేచి క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టారు. పెద్ద కొవ్వొత్తి తెచ్చారు. ఏ లోటూ ఉండకూడదని గోధుమలు కూడా ఉడకేశారు.

అక్కడే వచ్చింది తంటా. మిగతా ఇలవేలుపులు ఒకప్పుడు బతికి పోయిన పుణ్యాత్ములు కాబట్టి వాళ్ళకు గోధుమలు పెడతాం గానీ, మాస్టారి ఇలవేలుపు మిఖాయేలు చావులేని దేవదూత. ఆయన పండుగనాడు ఏ ఇంట్లోనైనా గోధుమలు ఉడికాయంటే అది చావు ఇల్లే. ఈ సంగతులన్నీ దేశాంకా చూసుకునేది. మాస్టారికి తినడమే తెలుసు.

గిన్నె తిరిగిద్దామని వచ్చిన పక్కింటి రూజికా ఆ వాసనకు గుమ్మంలోనే ఆగిపోయింది. మాస్టారు ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఏమైంది మాస్టారూ?"

"ఏం కాలేదమ్మా. ఏం జరిగినా నవ్వుతూనే తీసుకుందామనుకుంటున్నా."

రూజికా ఆయన చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది. ఆయనకు మిగిలింది నీష్ పట్నంలో ఉన్న అక్క స్తానియా ఒక్కతే. పాపం ఆవిడే పోయి ఉంటుందని గేటు దాటేలోపే ఖాయం చేసుకుంది.

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. ఎవరూ శుభాకాంక్షలు చెప్పలేదు. కిందటేడు రానందుకు సిగ్గుపడుతున్నారులే అనుకున్నారు మాస్టారు. పువ్వులు చావుకు తెచ్చినట్టు సరిసంఖ్యలో తెచ్చారు. లెక్క తప్పి ఉంటారు. తాగేముందు, పోయినవాళ్ళకు వదిలినట్టు, తలా ఓ చుక్క వైన్ నేలమీద వదిలారు. చేతులు వణుకుతున్నాయి కాబోలు. దేశాంకా పోయాక ఆ ఇంట్లో ఇంత అలికిడి లేదు. ఆయన కళ్ళలో ఈసారి నిజంగానే నీళ్ళు తిరిగాయి.

అప్పుడు కేకు పెట్టె పట్టుకుని స్తానియా లోపలికొచ్చింది. ఎవరి చేతిలోంచో గ్లాసు జారి పగిలింది. ఆవిడ బల్లమీద గోధుమలు చూసి, "మిఖాయేలుకు ఇవేంట్రా? ఎవరు పోయారు?" అంది.

"మీరేనండీ," అంది రూజికా.

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. వీళ్ళు తన పండుగకు రాలేదు, చావుకొచ్చారు. ఎలాగైతేనేం, వచ్చారుగా అని సర్దుకోమనేవాడు రేడియో ఆయన. మాస్టారికి మొదటిసారి అలా సర్దుకోవాలనిపించలేదు.

"కిందటేడు ఎందుకు రాలేదు?" అని అడిగారు.

చివరికి రూజికానే అంది. "వస్తే పరీక్ష పెడతారు మాస్టారూ. గ్లాసు పట్టుకున్నా తప్పే, పిల్లల్ని పెంచినా తప్పే. దేశాంకా అక్క ఉన్నన్నాళ్ళూ బల్లకింద మీ కాలు తొక్కేది. మీకు బ్రేకు ఆవిడే."

ఆయన ఏదో అనబోయి, బల్లకింద తన కాలి వైపు చూసుకుని ఆగారు. తర్వాత అందరికీ వడ్డించారు. ఎదురుగా ఒకాయన రొట్టెను నానా వంకరగా కోస్తుంటే చివరిదాకా చూసి కూడా నోరు మెదపలేదు. జనం చీకటిపడేదాకా కూర్చున్నారు.

అంతా వెళ్ళాక ఒక్కరే గ్లాసులు కడుక్కుంటూ, మళ్ళీ ఏడు కూడా వస్తారులే అనుకున్నారు. వస్తారా అని కూడా అనుకున్నారు. ఎందుకైనా మంచిదని, మర్నాడే వెళ్ళి ఇంకో రెండు కిలోల గోధుమలు కొని దాచారు.