సీలు వేసిన గ్రాఫిక్స్ కార్డు

ఉదయం పదింటికల్లా పాత కంప్యూటర్లో కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించేయాలి. సాయంత్రం నాలుగింటికి వచ్చే డాక్టరు దంపతులకు వాళ్లు కట్టుకోబోయే ఇంటిని తెర మీద గిర్రున తిప్పి చూపించాలి. ఇదీ ఇళ్ల ప్లాన్లు గీసే మాస్టారి ఆనాటి పథకం. కిందటివారం చూపించబోతే ఆ ముసలి కంప్యూటర్ బొమ్మలోని మేడమెట్ల దగ్గర బిగుసుకుపోయి డాక్టరుగారిని పైఅంతస్తు ఎక్కనివ్వలేదు. ఈసారీ అలాగే అయితే పని కాస్తా పక్కవీధి ప్లాన్లాయనకు పోతుంది.

మాస్టారు పంచదార డబ్బా మూతకి కూడా కాగితం అంటించి సంతకం పెట్టే రకం. షాపులో వదిలితే లోపలి సరుకు మార్చేస్తారని మెకానిక్‌నే ఇంటికి పిలిపించాడు. అతగాడు స్క్రూలు విప్పుతున్నంతసేపూ టార్చిలైటు పట్టుకుని మీదకి వంగి నిలబడ్డాడు.

"కాస్త జరగండి సార్, మీ నీడ పడుతోంది."

"నీడ పడితే నీకేంటి నష్టం?"

మెకానిక్ ఆ నీడలోనే పని కానిచ్చాడు. కార్డు బిగించి, "ఇక తెర తీగ..." అని మొదలుపెట్టేలోగా అతని ఫోను మోగింది. మాట్లాడటానికి బయటికి వెళ్లాడు. బయటికెందుకు వెళ్లినట్టు? మాస్టారు గబగబా మూత బిగించి, వెనకవైపు కనిపించే కార్డు సాకెట్ల మీదుగా కాగితం అంటించి అడ్డంగా సంతకం గీకాడు. మెకానిక్‌ని గుమ్మంలోంచే సాగనంపి, తీగని ఎప్పటిలా పాత సాకెట్‌కే గుచ్చాడు.

స్విచ్చి వేస్తే ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. తిప్పలుపడి తిప్పలుపడి మధ్యాహ్నం మూడున్నరకి ఫోను అందుకున్నాడు.

"నా కార్డు ఏం చేశావ్?"

"మీ కంప్యూటర్లోనే ఉంది సార్. తీగ ఎక్కడ పెట్టారు?"

"మాట మార్చకు! ఇప్పుడెక్కడున్నావ్?"

"పక్కవీధిలో సార్, ప్లాన్ల ఆఫీసులో."

అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. కార్డు పోటీవాడికి చేరిపోయింది, వెనకే డాక్టరుగారి ఇల్లూ పోతుంది! "ఏమండీ, ఆ తీగ సంగతి ఒక్కసారి..." అని భార్య అంటున్నా వినకుండా మాస్టారు చెప్పులేసుకున్నాడు.

"పొద్దున ఇతనికి ఫోను చేసింది మీరేగా?" అని పక్కవీధాయన మీద విరుచుకుపడ్డాడు.

"నేనే. కంప్యూటర్లో పాటలు వినిపించట్లేదని పిలిచాను. అయితే?"

"అయితే ఆ కంప్యూటర్ విప్పించండి!"

ఆయన నిలువెల్లా మండిపోయాడు. "విప్పరా బాబూ, ఈయన కళ్లు చల్లబడాలి" అన్నాడు. విప్పితే లోపల మూడేళ్ల దుమ్ము తప్ప ఏ కార్డూ లేదు. మెకానిక్ సంచీ బోర్లించినా స్క్రూలే రాలాయి.

"ప్లాన్లు నేను చేత్తో గీస్తాను. ఇది పాటలకి" అన్నాడు పక్కవీధాయన.

మెకానిక్ దండం పెట్టాడు. "కొత్త కార్డు పెట్టాక తీగ దాని సాకెట్‌కే గుచ్చాలి సార్. పొద్దుట్నుంచీ చెప్పబోతున్నాను."

ఆ సాకెట్లు తన సంతకం కిందే ఉన్నాయి. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

రొప్పుతూ ఇల్లు చేరేసరికి డాక్టరు దంపతులు సంతోషంగా మెట్లు దిగుతున్నారు. లోపల భార్య కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తెర మీద ఇల్లు బొంగరంలా తిరుగుతోంది. చిరిగిన సీలు నేల మీద పడి ఉంది.

"మేడమ్ వంటగది కిటికీ తూర్పుకి జరిపి చూపించారు, ఎంత బాగుందో!" అంది డాక్టరమ్మ. "పని ఆవిడకే అప్పజెప్పాం."

వాళ్లు వెళ్లాక మాస్టారు నోరు తెరిచాడు. "నీకు ప్లాన్లు గీయడం ఎప్పుడొచ్చింది?"

"మీరు సైటుకెళ్లినప్పుడల్లా మీ తప్పులు దిద్దేది ఎవరనుకున్నారు? పదేళ్లయింది."

ఊళ్లో అందర్నీ అనుమానించిన మాస్టారికి ఆ ఒక్క అనుమానం మాత్రం ఎన్నడూ రాలేదు.