పది మంది చాలు

ఆ గురువారం పొద్దున తవిటమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది గంటల ఆటో వచ్చేలోగా వీధిలో పది ఇళ్లకు వెళ్లాలి, పది మంది ఆడవాళ్లను మర్నాడు సాయంత్రం తన ఇంటికి పిలవాలి, ఆపైన టెక్కలి వెళ్లి శిక్షణలో కూర్చోవాలి. పంచాయతీ ఎన్నికల్లో నిలబడదలచిన ఆడవాళ్లకు అక్కడ ఒక సంస్థ ఐదు రోజుల శిక్షణ ఇస్తోంది. నేర్పే మేడం దుర్గాభవాని ఆమదాలవలస నుంచి రోజూ రైల్లో వస్తుంది. మూడో రోజున ఆవిడ హోంవర్కు ఇచ్చింది. ఇంటి ముందు చిన్న సభ పెట్టాలి, నోరు తెరిచి ఓటడగాలి, పది మంది చాలు. ముందుగా తవిటమ్మ సభనే చూడ్డానికి వస్తానంది.

పది అనే లెక్క తవిటమ్మ మొగుడు గంగులుకూ నచ్చింది. భావనపాడు పక్కనున్న వాళ్ల పల్లెలో సర్పంచ్ సీటు ఈసారి ఆడవాళ్లదేనని అంతా అనుకుంటున్నారు. పడవల యజమాని జగన్నాధం తన భార్య నారాయణమ్మను నిలబెడుతున్నానని ఒడ్డంతా చెప్పుకు తిరుగుతున్నాడు. గంగులు వేటకు వెళ్లేది ఆ జగన్నాధం పడవలోనే. అందుకని పోటీ మాటెత్తితే అతనికి గుండెదడ.

"నీకోసమని పది మందొస్తే నిలబడు, నాను అడ్డురాను. తొమ్మిది మందొస్తే మరి ఆ ఊసెత్తకు" అన్నాడు. తవిటమ్మ సరేనంది. అప్పట్నుంచి మొగుడూ పెళ్లాల మధ్య ఉప్పు చాలిందా లేదా అన్నంతవరకే మాటలు.

తవిటమ్మకు పదవి మోజేమీ లేదు. పదేళ్లుగా ఆడవాళ్లు చేపల్ని ఇసకలోనే ఎండబెడుతున్నారు. ఒడ్డున ఒక సిమెంటు గచ్చు వేయించమని ఆమె మండలాఫీసులో మూడుసార్లు అర్జీ పెట్టింది. మూడుసార్లూ సర్పంచ్‌తో చెప్పించుకోమన్నారు. అలాగైతే సర్పంచ్‌నే అయిపోతానని ఆమెకు పంతం పుట్టింది.

ఇరవై ఏళ్లు చేపలమ్మిన మనిషికి నోరు లేదనుకుంటే పొరపాటు. టెక్కలి బజారులో ఆమెతో బేరమాడి గెలిచినవాళ్లు లేరు. కానీ ఓటు అనే ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆ నోరు పనిచేయడం లేదు. శిక్షణలో గోడను ఓటరనుకుని అడగమంటే గోడను కూడా అడగలేకపోయింది. అందుకని ఎవరూ నేర్పని ఉపాయం ఒకటి సొంతంగా కనిపెట్టింది. కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. బొట్టు పెట్టి పిలిస్తే ఎవరూ కాదనరు, ఓటు సంగతి రేపు సభలో మేడం పక్కనుండగా చెప్పుకోవచ్చు.

మొదటి ఇల్లు మరిడమ్మది. బొట్టు పెట్టించుకుని ఆవిడ, "ఎప్పుడే?" అంది.

"రేపు సాయంత్రం, మా ఇంటికాడ."

"ఇంటికొకలమా, అందరమా?"

తవిటమ్మకు ఓటర్ల జాబితా గుర్తొచ్చింది. "అందరూ రావాల. ముసలోళ్లని కూడా తీసుకొచ్చీ వదినా."

బొట్టు పెట్టించుకున్నాక శుభకార్యం ఏమిటని అడిగే మనిషి ఆ పల్లెలో లేదు. అడిగితే తనకు తెలియదని ఒప్పుకున్నట్టే కదా. మరిడమ్మ తనంతట తానే లెక్క తేల్చుకుంది. తవిటమ్మ కొడుకు గోవింద్‌కు పాతికేళ్లొచ్చాయి, గుజరాత్‌లో పడవల మీద పనిచేస్తున్నాడు. ఇంకేముంది, నిశ్చితార్థం అని పక్కింటికీ చెప్పేసింది.

పది ఇళ్లయ్యాయి. తవిటమ్మ భరిణె మూత పెట్టబోతుంటే పదకొండో ఇంటావిడ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"మా గుమ్మం దాటుకుని ఎల్తన్నావేటి? మేం మనుసులం కామేటి?"

ఆ ఇంటికి పెడితే పక్కింటికి కోపం, పక్కింటికి పెడితే ఎదురింటికి. తొమ్మిది గంటల ఆటో పోయింది, పది గంటలదీ పోయింది. జగన్నాధం మేడ దగ్గర తవిటమ్మ పక్క సందులోకి తిరగబోయింది గానీ, నారాయణమ్మ అప్పటికే గేటు తీసుకుని వచ్చి నుదురు ముందుకు వంచింది. ఎనభై ఇళ్లు పూర్తయ్యేసరికి కుంకుమ అయిపోయింది. ఇంతమంది వస్తామన్నారని తవిటమ్మకు నేల మీద కాళ్లు ఆనలేదు.

మధ్యాహ్నం పడవ ఒడ్డుకు చేరగానే జగన్నాధం గంగులును పట్టుకున్నాడు.

"ఏరా గంగులూ, కొడుకు నిశ్చితార్థం నాకు సెప్పకుండానే కానిచ్చేద్దామనుకున్నావేటి?"

గంగులు ఆ మాట వినడం అదే మొదటిసారి. కానీ సొంత కొడుకు నిశ్చితార్థం తనకే తెలియదని అంతమంది ముందు ఒప్పుకునే మగవాడు ఇంకా పుట్టలేదు.

"మా ఆడది సెప్తాదని ఊరుకున్నాను బావా. మీరంతా రావాల" అని, ఒడ్డున ఉన్నవాళ్లందరినీ తనూ ఒకసారి పిలిచేశాడు. పది మంది సభ అని చెప్పి లోపల్లోపల ఇదా నడిపింది, మొగుడికి ఒక్క మాట చెప్పలేదే, చూద్దాం, మనమేం తక్కువ తిన్నామా అనుకుని షామియానా, మూడు వందల కుర్చీలు, మైకు చెప్పేశాడు. పిలుపులన్నీ తనే పిలుచుకున్న మనిషి వంట సంగతీ చూసుకునే ఉంటుందనుకున్నాడు.

శుక్రవారం శిక్షణ నుంచి పరుగున వచ్చిన తవిటమ్మ షామియానా చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మనిషిని ఎన్ని మాటలనుకుంది తను.

"ఇదంతా ఎందుకయ్యా?" అంది.

"నువ్వంత సేసినావు, నానేటి సెయ్యకూడదా?" అని గంగులు మొహం తిప్పుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకుంది తవిటమ్మ.

దుర్గాభవాని ఆటో దిగి, మూడు వందల మందిని చూసి, ఊరు తప్పానేమోనని డ్రైవర్‌ను రెండుసార్లు అడిగింది. ముసలివాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. అందరి చూపూ వంటగది వైపే ఉంది. అక్కడున్నవి టీ గిన్నె, రెండు బిస్కెట్ ప్యాకెట్లు.

ఇంతలో పొరుగూరి నుంచి ఇంకో ఆటో వచ్చి ఆగింది. అందులోంచి గంగులు అక్క గున్నమ్మ దిగింది. తన కూతుర్ని గోవింద్‌కు ఇవ్వాలని ఆవిడ ఎప్పట్నుంచో అనుకుంటోంది.

"ఏమే తవిటీ, ఆడపడుచుకి బొట్టెట్టకుండా నిశ్చితార్థమా? నా కూతురుకేటి తక్కువొచ్చినాది?"

"ఎవరి నిశ్చితార్థం?" అంది తవిటమ్మ.

"నీ కొడుకుది" అన్నాయి మూడు వందల గొంతులు.

తవిటమ్మకు అంతా అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ తర్వాత కోపం వచ్చింది. కోపం రావడంతోనే టెక్కలి బజారు గొంతు కూడా వచ్చేసింది. మైకు పుచ్చుకుంది.

"నిశ్చితార్థం నేదు, బువ్వా నేదు. ఓటడగడానికి పిలిసినాను, సెప్పడానికి సిగ్గేసి బొట్టెట్టినాను, తప్పు నాదే. పదేళ్లబట్టి ఇసకలో సేపలెండబెట్టి ఇసకతోనే అమ్ముకుంటన్నాం. గచ్చు ఏయిస్తాను. నాకోటెయ్యండి. బువ్వ కోసం వచ్చినోళ్లు ఎల్లిపోండి, నానేటీ అనుకోను."

"బువ్వ నేదట, లెగండి" అన్నాడు జగన్నాధం. కుర్చీలు జరిగాయి. చేపల బుట్టలెత్తే ఆడవాళ్లు కొందరు తలలు వంచుకుని కూర్చునే ఉన్నారు. మిగతా ఊరు ఊరంతా సణుక్కుంటూ బయటికి నడిచింది.

గంగులు మిగిలినవాళ్లను లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. తొమ్మిది మంది.

"నన్నూ కలుపుకోరా, పదవుతాది" అంది గున్నమ్మ, వేరే సంబంధం లేదని తెలిసి చల్లబడి.

"నీ ఓటు ఈ ఊర్లో నేదప్పా" అన్నాడు గంగులు. ఆ మాట అంటుంటే అతనికే బాధేసింది. తవిటమ్మ మైకు కింద పెట్టేసింది.

షామియానా అంచు దాకా వెళ్లిన జగన్నాధం వెనక్కి చూశాడు. భార్య ఇంకా కుర్చీలోనే ఉంది. ఎలాగూ లేచిపోతుందని గంగులు ఆవిడను లెక్కపెట్టలేదు.

"లెగు నారాయణా, పోదాం."

"మీరెల్లండి. నాను కూకుంటాను."

"మతి పోయినాదేటి? రేపు నిలబడేది నువ్వు."

"ఆ సంగతి ఊరందరికీ సెప్పినారు, నాకు సెప్పనేదు" అంది నారాయణమ్మ నెమ్మదిగా. "ఇంటికొచ్చి నన్ను పిలిసినాది తవిటమ్మే. పెళ్లికి ముందు నానూ ఇసకలో సేపలెండబెట్టినదాన్నే. నాకీ సీటొద్దు, గచ్చు కావాల."

గంగులు యజమాని మొహం చూశాడు, పెళ్లాం మొహం చూశాడు. రేపు పడవ ఎక్కనిస్తాడో లేదో తెలియదు. అయినా గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా "పది" అన్నాడు.

దుర్గాభవాని హాజరు కాగితం మీద పది సంతకాలూ తీసుకుని ఆటో దగ్గరికి నడిచింది. జగన్నాధం ఆవిడ వెనకే వెళ్లాడు. అరిచి లాభం లేదని అప్పటికి తెలిసినట్టుంది, చాలా మర్యాదగా అడిగాడు.

"అన్నీ ఆడోళ్లకేనా మేడం? మొగుళ్లకి ట్రైనింగులేటీ నేవా?"

పోయినేడు మొగుళ్లకీ ఒకటి పెట్టామనీ, అందరూ తమ బదులు పెళ్లాల్ని పంపించారనీ ఆవిడ చెప్పింది.